గట్టు జరిగింది

నాకు ముక్కు మీదే కోపం ఉంటుందని మా వీధిలో అందరికీ తెలుసు. భద్రాచలంలో బ్రిడ్జి దిగి కొంచెం లోపలికొస్తే కనబడే ప్రసూన నెట్ సెంటర్ నాదే. జిరాక్సులు, ఆన్‌లైన్ దరఖాస్తులు, ఆధార్ సవరణలు, వీటి కింద చివరగా "పీహెచ్‌డీ థీసిస్‌లు చేయబడును" అని బోర్డు మీద రాయించాను. ఆ చివరి మాట నిలబెట్టింది నేను కాదు, దుర్గ. ఆమె గురించి ఇప్పుడు తలా ఒక మాట అంటున్నారు. తండ్రీకూతుళ్ళు కలిసి పుస్తకం మార్చారట, పెళ్ళి కోసం గట్టు జరిపారట. విని విని ఒళ్ళు మండి, జరిగింది జరిగినట్టు నేనే చెబుదామని కూర్చున్నాను.

దుర్గ దుమ్ముగూడెం దాటాక అడవి వైపు వెళ్ళే దారిలో ఉన్న కోయగూడెం పిల్ల. తండ్రి లచ్చయ్య, తల్లి జంపక్క. పోడు చెక్కలో కొంత వరి, కొంత పత్తి. వేసవి వస్తే ఇప్పపువ్వు, తునికాకు. ఆ ఇంట్లో బడి గడప తొక్కింది దుర్గ ఒక్కతే. ఆశ్రమ పాఠశాలలో చదివి, భద్రాచలంలో లెక్కలతో డిగ్రీ చేసి, ఏదో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవడానికి నా షాపుకొచ్చింది. ఆ సమయానికి నేనొక లెక్కల లెక్చరర్‌తో పోట్లాటలో ఉన్నాను. అతని థీసిస్‌లో సమీకరణాలకు చేత్తో నంబర్లు వేసి పెట్టాం. వాళ్ళ గైడు మొదటి అధ్యాయంలో ఇంకొకటి చేర్చమన్నాడు. ఒకటి చేరిస్తే కింద ఉన్నవన్నీ మారాలి, లోపల "పై సమీకరణం చూడుము" అన్నచోటల్లా మారాలి. నా తల ప్రాణం తోకకొచ్చింది. "మీ అంకెలకు మీరే దిక్కు, పట్టుకుపోండి" అన్నాను. పక్కన నిలబడి ఇదంతా వింటున్న పిల్ల, "నేను కూసొని చేయనా అక్కా? లెక్కలంటే నాకిష్టమే" అంది. అట్లా కూర్చున్నది మళ్ళీ లేవలేదు.

ఈ తిప్పలకు మందు చెప్పింది మా అక్క కొడుకు నాగచైతన్య. మధిర నుంచి సెలవులకు వచ్చి, మూలన పడి ఉన్న పాత కంప్యూటర్ దులిపి, అందులో ఒక ఎడిటర్ పెట్టాడు. లేటెక్ రాసుకునే ఎడిటర్ అన్నాడు. "పేరులోనే లేటూ ఉంది, టెక్కూ ఉంది. మనకెందుకురా?" అన్నాను. ఓపెన్ సోర్స్ పిన్నీ, ఎవరో మంచివాళ్ళు రాసి లోకానికి వదిలేశారు, ఎవరైనా పెట్టుకోవచ్చు, ఎవరికీ దణ్ణం పెట్టక్కర్లేదు అన్నాడు. మామూలు బ్రౌజర్లోనే తెరుచుకుంటుంది. ఎడమ పక్క మనం రాసుకునేది, కుడి పక్క అచ్చులో పడబోయే పేజీ. ఇక్కడ అధ్యాయం మొదలు, ఇక్కడ సమీకరణం అని గుర్తులు పెడితే చాలు, అంకెలూ విషయసూచికా అన్నీ అదే వేసుకుంటుంది. అడ్రసు ఇస్తే ఖమ్మంలో ఉన్నవాళ్ళు కూడా అదే కాగితం మీద మనతో పాటు రాయొచ్చు. వాళ్ళు ఎక్కడ రాస్తున్నారో వాళ్ళ పేరుతో ఒక రంగు గీత తెర మీద కదులుతుంటుంది.

నాకది ఎప్పుడూ ఒంటబట్టలేదు. దుర్గకు మాత్రం పట్టుబడింది. థీసిస్ వాళ్ళు పాల్వంచ నుంచి, కొత్తగూడెం నుంచి వచ్చేవారు. వచ్చిన ప్రతివాడికీ ఆమె చెప్పే మొదటి మాట ఒకటే. "సార్, అంకె మనం చేత్తో కొట్టొద్దు. దానంతటదే వస్తది." నిజంగానే వచ్చేది. ముందొకటి చేర్చినా, మధ్యలో ఒకటి తీసినా, మీట నొక్కగానే అన్నీ సర్దుకునేవి. మాట తక్కువ పిల్ల ఆ ఒక్క ముక్క చెప్పేటప్పుడు మాత్రం మొహం వెలిగేది. ఆ మాట మా షాపులో అందరి నోటా ఆడింది. గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక లచ్చయ్య సంగతి. ఆయన అక్షరం ముక్క రానివాడు. డోలు మెడకేసుకుని ఇలవేల్పుల కథ పాడితే ఊరు ఊరంతా కూర్చుండిపోయేది. ఏ ఇంటిపేరు ఏ వేల్పు కిందికి వస్తుంది, ఏది ఏ గట్టు, ఎవరెవరు అన్నదమ్ములు, ఎవరికెవరు వియ్యం అందుకోవచ్చు, అన్నీ ఆయన పాటలోనే ఉండేవి. కోయల్లో గట్లు మూడు నుంచి లెక్క. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదు, ఆరు, ఏడు. ఒకే గట్టువాళ్ళు అన్నాచెల్లెళ్ళ వరస, పెళ్ళి మాట తలపెట్టకూడదు. ఒకటీ రెండూ ఏమయ్యాయి బాబాయ్ అని నేనొకసారి అడిగితే, "అవి మా పాటల లేవు తల్లీ" అని నవ్వాడు. ఎక్కడ సంబంధం అనుకున్నా ఆయన్ని పిలిచి అడిగేవారు. ఆయన కర్రతో నేల మీద తట్టి చెప్పేవాడు. మారు మాట ఉండేది కాదు. ఆయనకు ఊళ్ళో ఉన్న విలువంతా ఆ మాటే.

ఆయన సొంత గట్టు ఐదు. కానీ ఆ గట్టువాళ్ళు, ఆ ఇంటిపేరువాళ్ళు ఈ పక్క ఇంకెవరూ లేరు. లచ్చయ్య తండ్రి ఎప్పుడో అడవి దాటి ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చినవాడు. వాళ్ళ గట్టు ఎన్నోదంటే, లచ్చయ్య చెప్పాలి, మనం వినాలి.

మనోజ్ఞ మేడమ్ ఖమ్మంలో తెలుగు చెబుతుంది. వాళ్ళది కుసుమంచి దగ్గర పెద్ద వ్యవసాయం. కష్టపడే మనిషి, ఆమె మీద నాకు కోపం లేదు, అది మొదటే చెబుతున్నాను. లచ్చయ్య పాట ఎవరి దగ్గరో విని, ఆయనతో పాటే ఇదంతా పోతుందని దిగులు పడి వెతుక్కుంటూ వచ్చింది. పాటలు రికార్డు చేద్దాం, తెలుగు లిపిలో పెట్టి పుస్తకం వేద్దాం అంది. లచ్చయ్య వారం పాటు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. చివరికి, "నా బిడ్డ రాస్తే పాడుత. ఇంకెవల్ని రాయనియ్య" అన్నాడు.

దుర్గ ఆదివారాలు ఇంటికి వెళ్ళి ఫోన్‌లో పాట పట్టుకుని వచ్చేది. సోమవారం నుంచి చెవిలో వైర్లు పెట్టుకుని కొట్టేది. కోయ మాటలకు తెలుగు ఒత్తులు సరిపోక ఒక్కో పాదానికి గింజుకునేది. అటు ఖమ్మం నుంచి మేడమ్ రంగు గీత తెర మీద కదలగానే, "మేడమొచ్చిందక్కా" అనేది, ఎవరో గుమ్మంలోకి వచ్చినట్టు. నేను కూడా ఊరికే ఉండకుండా, "కూర్చోమను, టీ తెప్పిస్తా" అనేదాన్ని. అవే మా షాపులో మంచి రోజులు.

మొదటి భాగంలో మూడు గట్లు అనుకున్నారు. మూడు, నాలుగు, ఐదు. మూడో గట్టువాళ్ళు ఈ చుట్టుపక్కల చాలామంది, ఆ పాట పెద్దది. ఐదోది తన సొంతం కాబట్టి చిన్నదైనా పాడాడు. నాలుగోదానికి వచ్చేసరికి ఆగాడు. "వాళ్ళ వేల్పు కొలుపు నాడు బయటికొస్తది. అప్పుడు వాళ్ళ ముందు పాడాలె. ఊకె గదిల కూసొని పాడితే తప్పు బిడ్డా." కొలుపు ఇంకా చాలా దూరంలో ఉంది. సరే, పాట వచ్చినప్పుడు చేర్చుకుందామని దుర్గ ఆ గట్టు అధ్యాయానికి పేరు మాత్రం పెట్టి, కింద ఖాళీగా వదిలేసింది. అంకె మాత్రం ఎక్కడా చేత్తో కొట్టలేదు. లెక్క మూడు నుంచి మొదలవ్వాలని పైన ఒక ముక్క రాసింది, అంతే. "మూడో గట్టు", "నాలుగో గట్టు", "ఐదో గట్టు", అన్నీ అదే వేసుకుంది. పని నేర్చినవాళ్ళు చేసే పద్ధతి అదే. ఆమె పద్ధతి తప్పలేదు.

రాజు అని ఒక కుర్రాడు. చర్ల దారిలో ఆశ్రమ పాఠశాలలో కాంట్రాక్టు టీచరు. ప్రశ్నపత్రాల జిరాక్సుకని వచ్చేవాడు. ఒక్క కాగితం జిరాక్సుకు అంత దూరం నుంచి ఎవడొస్తాడు? "ఏమయ్యా, మీ ఊళ్ళో కరెంటు లేదా?" అంటే చెవులు ఎర్రబడేవి. దుర్గ తెర మీద నుంచి కళ్ళెత్తేది కాదు గానీ అతనొచ్చిన రోజు కొట్టేటప్పుడు తప్పులు పడేవి. రాజు వాళ్ళది నాలుగో గట్టు. లచ్చయ్యది ఐదు. వరస కలుస్తుంది. జంపక్క నాతో, "మంచి పోరడే తల్లీ, వాళ్ళ పెద్దోళ్ళు వస్తే ఇస్తం" అంది. ఆ మాట దుర్గకు చెప్పాను. ఆ సాయంత్రం పోతూ పోతూ నా చేతికి నాలుగు చాక్లెట్లు ఇచ్చి వెళ్ళింది.

పుస్తకం ఒక సభలో విడుదల చేస్తామని ఎవరో మాటిచ్చారు. సభ ముందుకు జరిగింది. ప్రెస్సువాళ్ళు ఫైలు ఇవ్వండని మేడమ్ ప్రాణం తీశారు. ఆమె ఖమ్మంలో కూర్చుని చివరిసారి తిరగేస్తూ, పేరు మాత్రం ఉండి కింద ఏమీ లేని పేజీ చూసింది. అచ్చు పుస్తకంలో ఖాళీ అధ్యాయం చూసి జనం నవ్వుతారనుకుంది. రెండో భాగంలో పెట్టుకోవచ్చులే అని ఆ ఒక్క వరస తీసేసి, మీట నొక్కి, పంపేసింది. ఎవరైనా అదే చేస్తారు.

ఆ వరస పోగానే ఐదో గట్టు నాలుగో గట్టయి కూర్చుంది. దానంతటదే.

దుర్గ చూడలేదా అని అడుగుతారు. చూసింది. అచ్చు అయి వచ్చిన రోజున ప్రతి పాదం వేలు పెట్టి చదివింది, ఎక్కడా ఒత్తు పోలేదని మురిసింది. అంకె మీద ఆమెకు అనుమానమే లేదు. వచ్చేది దానంతటదే కదా. లచ్చయ్య పుస్తకం రెండు చేతులతో పట్టుకుని వాసన చూశాడు. "ఇండ్ల నా గొంతున్నదా?" అని అడిగాడు. దుర్గ మూడో గట్టు పాట చదివి వినిపించింది. ఆయన తల ఊపుతూ విన్నాడు. మూడో గట్టువాళ్ళు వాళ్ళ వాళ్ళ ఇళ్ళ పేర్లు చూసుకుని, అన్నీ సరిగ్గా పడ్డాయని సంబరపడ్డారు. దాంతో పుస్తకానికి ఊళ్ళల్లో గౌరవం వచ్చింది. రాజు దాన్ని పీడీఎఫ్ చేయించుకుని కనబడిన ప్రతి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మా దుర్గ రాసింది అని చెప్పుకోవడం అతనికి ముచ్చట. నాలుగో గట్టు అని చూశాడట, తమ ఇంటిపేరు లేదు, మిగతావి తర్వాతి భాగంలో వస్తాయిలే అనుకున్నాడట. చదివే పిల్లలకు పాఠాలు చెప్పేవాడు కూడా తమ పేరు కోసమే చూశాడు, ఉన్న పేర్లు చదవలేదు.

పంటలు ఇంటికొచ్చాక రాజు తరఫువాళ్ళు పిల్లనడగడానికి వచ్చారు. లచ్చయ్య నన్నూ రమ్మన్నాడు. షాపు మూసి వెళ్ళాను. ముంగిలి అలికి, మంచాలు వేసి, జీలుగు కల్లు తెప్పించి పెట్టారు. వాళ్ళ వైపు పెద్ద, రాజు పెదనాన్న జోగయ్య. వస్తూనే, "బావా, బాగున్నవా?" అని లచ్చయ్య చేతులు పట్టుకున్నాడు. వాళ్ళు కోయలో మాట్లాడుకుంటూ, నేనున్నానని మధ్యలో తెలుగులోకి వచ్చేవారు. దుర్గ లోపల వాకిలి చాటున ఉంది. నేను అటు చూసి కన్ను గీటాను. తల దించుకుంది.

తెలిసినా సరే, పెళ్ళి మాటలో గట్టు అడగాలి. అది వాళ్ళ మర్యాద. జోగయ్య అడిగాడు. లచ్చయ్య కర్రతో నేల మీద తట్టి, "ఐదు" అన్నాడు.

వాళ్ళతో వచ్చిన ఒక పిల్లాడు ఫోన్ చూసుకుంటూ, "పుస్తకంల మీది నాలుగని ఉన్నది కదా?" అన్నాడు. వాడికి ఏ దురుద్దేశమూ లేదు. లచ్చయ్య నవ్వాడు. జోగయ్య నవ్వలేదు. "రాజూ, నువ్వు చదువు" అన్నాడు.

రాజు ఫోన్ తీసుకుని చదివాడు. "నాలుగో గట్టు" అని మొదలుపెట్టి, ఇంటిపేర్లు ఒక్కొక్కటీ చదువుకుంటూ వచ్చి, లచ్చయ్య ఇంటిపేరు దగ్గర ఆగిపోయాడు. పైకి తలెత్తి, పాపం, సరాసరి వాకిలి వైపే చూశాడు.

దుర్గ బయటికొచ్చింది. "అది తప్పు పడ్డది. మాది ఐదే. మధ్యల ఒక అధ్యాయం తీసేసిన్రు, అందుకే అంకె జరిగింది" అంది. జోగయ్యకు అర్థం కాలేదు. నాకే అర్థం కావడానికి కాసేపు పట్టింది. దుర్గ మేడమ్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. ఆమె విషయం విని గాబరా పడి, "అవునండీ, నేనే తీసేశాను, ఖాళీగా ఉందని తీసేశాను, లచ్చయ్య గారిది ఐదే అని నాకు బాగా గుర్తు" అని పదిసార్లు చెప్పింది. నిజమే చెప్పింది. కానీ జోగయ్య పట్టుకున్న ముక్క వేరు. "అంటే, ఎవలో ఖమ్మంల కూసొని ఒకటి తీస్తే, ఈడ మీ గట్టు మారుతదా?"

"చూపిస్త" అంది దుర్గ.

అక్కడే ఆపి ఉండాల్సింది. ఆ పిల్లకు ఆ క్షణాన తోచింది అదే, తన చేతిలో ఉన్న నిజం అదొక్కటే. ఇంటి దగ్గర పని చేసుకోవడానికి నేనిచ్చిన ల్యాప్‌టాప్ తెచ్చి, సిగ్నల్ అందే గడ్డివాము పక్కకు మంచం జరిపి, భద్రాచలంలో నా షాపు మూసినా ఆ పాత కంప్యూటర్లో నడుస్తూనే ఉండే ఎడిటర్ తెరిచింది. అందరూ చుట్టూ మూగారు. తెర మీద "నాలుగో గట్టు", దాని కింద వాళ్ళ ఇంటిపేరు. దుర్గ ఎడమ పక్క ఆ ఖాళీ అధ్యాయం పేరు మళ్ళీ కొట్టింది. మీట నొక్కింది. చక్రం కాసేపు తిరిగింది. "ఐదో గట్టు" అయింది. "చూసిన్రా? ఇది తీస్తే మళ్ళ నాలుగైతది." తీసింది, నాలుగయింది. పెట్టింది, ఐదయింది. "అంకె నేను కొట్టలే. ఎవలూ కొట్టలే. దానంతటదే వస్తది" అంది. నా షాపులో లెక్చరర్లకు చెప్పినట్టే చెప్పింది.

జోగయ్య చాలాసేపు తెర వంక చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు, కోపంగా కూడా అనలేదు. "ఇప్పుడే నాలుగుండె. నా కండ్ల ముందల ఐదు చేసినవ్. రేపు ఇంకొకలు కూసుంటే ఆరైతది. పొలం గట్టు జరిపితేనే ఊరు ఊకోదు. పిల్ల పెండ్లి కోసం ఈ గట్టు జరిపితే వేల్పు ఊకుంటదా?" అన్నాడు.

నాకు ఆగలేదు. "ఏం మాట్లాడుతున్నారు మీరు? అది జరిగింది ప్రెస్సు కోసం, పెళ్ళి కోసం కాదు. ఇన్నేళ్ళూ అందరి గట్లూ ఆయన్ని అడిగే కదా పెళ్ళిళ్ళు చేసుకున్నారు?" అని లేచాను.

"అవ్ తల్లీ, అడిగినం" అన్నాడు జోగయ్య. "అందరి పిల్లల గట్టు ఆయన చెప్పిండు, నమ్మినం. కానీ ఇయ్యాల ఆయన బిడ్డ పెండ్లి. పుస్తకం రాసిననాడు పెండ్లి మాట లేదు. అప్పటి మాట నమ్మాల్నా, ఇప్పటి మాట నమ్మాల్నా? అడవి అవతల ఆ ఇంటిపేరు నాలుగుల ఉన్నదని మా అయ్య కూడా ఒకపాలి అన్నట్టు యాది. తప్పు నాదైతే వేల్పు నన్ను చూసుకుంటది. అన్నాచెల్లెండ్లకు పెండ్లి మాత్రం చెయ్య."

అందరం లచ్చయ్య వైపు చూశాం. ఆయన ఏదో గట్టిగా అంటాడని నేననుకున్నాను, అనాలని కోరుకున్నాను. ఆయన జోగయ్య మాట విన్నట్టే లేడు. కూతురి వంకే చూస్తున్నాడు.

"నేను ఐదు అంటే, నువ్వు ఐదు రాయలేదా బిడ్డా?"

దుర్గ నోరు తెరిచింది. "గట్ల కాదు నాయనా. మా పనిల అంకె రాయం..." అంది.

"నువ్వు రాస్తున్నవనే కదా పాడిన" అన్నాడు లచ్చయ్య. కర్ర గోడకు ఆనించాడు.

జోగయ్య లేచి తువ్వాలు దులుపుకున్నాడు. వచ్చేటప్పుడు పట్టుకున్నట్టే లచ్చయ్య చేతులు పట్టుకుని, "పోయొస్త తమ్మీ" అన్నాడు. వస్తూ బావా అన్న మనిషి పోతూ తమ్మీ అన్నాడు. కోయ తెలియని నాకు కూడా ఆ మాట అర్థమైంది. లోపల జంపక్క ఏడుపు వినబడింది.

వారం తర్వాత రాజు షాపుకొచ్చాడు. చేతిలో కాగితం కూడా లేదు. ఇద్దరం వెళ్ళిపోదాం, నేను మీ నాయన మాట నమ్ముతా అన్నాడు దుర్గతో. నేను వినబడనట్టు జిరాక్సు మిషను తెరిచి లోపల దులుపుతూ కూర్చున్నాను. మనసులో మాత్రం వెళ్ళవే తల్లీ అనుకుంటున్నాను.

"మనం గట్ల పోతే, అన్నాచెల్లెండ్లే లేసిపోయిన్రు అంటరు" అంది దుర్గ. "మా నాయన చెప్పింది అబద్ధమని నేనే ముద్ర కొట్టినట్టయితది. నీకు నేనేమైతనో పెద్దోళ్ళు ఒప్పుకుంటేనే అయిత. లేకుంటే ఏం కాను." వెళ్ళేటప్పుడు అతను ఆమెను ఏ వరసతో పిలవాలో తెలియక ఊరికే తల ఊపి వెళ్ళిపోయాడు. ఎండాకాలంలో వాళ్ళవాళ్ళు అతనికి వేరే ఊళ్ళో పెళ్ళి చేశారు. నాకు శుభలేఖ వచ్చింది, చించి అవతల పారేశాను.

మనోజ్ఞ మేడమ్ వచ్చి లచ్చయ్య ముందు ఏడ్చింది. సవరణ చీటీ అచ్చు వేయించి ఉన్న పుస్తకాల్లో అతికించింది. ఫోన్లలో తిరిగే దానికి చీటీ ఎక్కడ అతికిస్తుంది? అది ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. నాకే మొన్న ఎవరో పంపారు, మీ షాపులో చేసిందట కదా అని.

దుర్గ ఎడిటర్‌లో ఆ ఖాళీ అధ్యాయం మళ్ళీ పెట్టింది. నాలుగో గట్టు పాట వస్తే ఆ పేజీ నిండుతుంది, కొత్త పుస్తకం వేస్తే జనం దాన్నే చూస్తారని ఆమె ఆశ. నాలుగో గట్టువాళ్ళ కొలుపు వచ్చింది. వాళ్ళు లచ్చయ్యను పిలవలేదు. పిలవకపోయినా పోయి పాడొచ్చు కదా అని దుర్గ బతిమాలింది. ఇంట్లో అయినా పాడమంది. డోలు చూరుకు వేలాడుతోంది, దాని మీద సాలెగూడు పట్టింది, ఆయన దించలేదు.

ఇప్పుడు షాపులో దుర్గ పని తీరు మారింది. థీసిస్‌లో ప్రతి అంకె చేత్తో కొడుతుంది. సమీకరణం ఒకటి మారితే వెనక్కి పోయి ఒక్కొక్కటీ దిద్దుకుంటుంది. రెండు రోజుల్లో అయ్యేది పది రోజులు పడుతోంది. వచ్చేవాళ్ళు సణుగుతున్నారు. "ఏమే దుర్గా, అది అదే వేసుకుంటుంది కదా, నీకేం పట్టింది?" అని ఒకసారి కసిరాను. "చెప్పింది చెప్పినట్టు రాస్తున్న అక్కా" అంది. నేనింకెప్పుడూ అడగలేదు.

కిందటి నెల వాళ్ళ ఊరు వెళ్ళాను. జంపక్క దవాఖానాలో చూపించుకోవడానికి కావాల్సిన కాగితాలు ఇవ్వడానికి. దుర్గ కూడా నాతోనే వచ్చింది. నేను ముంగిట్లో మంచం మీద కూర్చుని ఉండగా, దూరం ఊరి నుంచి ఇద్దరు ముసలివాళ్ళు వచ్చారు. పుస్తకం సంగతి వాళ్ళకు తెలియదు, పాత పద్ధతిలోనే వచ్చారు. మనవరాలికి సంబంధం చూస్తున్నారట, పిల్లాడి ఇంటిపేరు చెప్పి, అది ఎన్నో గట్టు అని అడిగారు. లచ్చయ్యకు తెలియకేం. ఆయన చెయ్యి కర్ర కోసం వెళ్ళి, మధ్యలో ఆగింది. దుర్గ వాళ్ళకు చెంబుతో నీళ్ళు తెచ్చి నిలబడింది.

"నన్నెందుకు అడుగుతరు?" అన్నాడు లచ్చయ్య. "అంకె దానంతటదే వస్తదంట."

ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అట్లా నమ్మినట్టు, మెల్లగా అన్నాడు. ముసలివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దుర్గ చెంబు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. వాళ్ళు కాసేపు కూర్చుని, ఆ నీళ్ళు తాగి, వచ్చిన దారినే పోయారు.